చెక్కుబందీ

తెల్లారి నాలుగింటికి ఎస్సై గారు కబురెట్టారు.
"వీఆర్వో గారూ, అరటి యార్డు దగ్గరకి
మధ్యవర్తిగా రావాలి."
ఇక్కడ మధ్యవర్తి అంటే తగువు తీర్చేవాడు కాదు,
చూసి, చూశానని సంతకం పెట్టేవాడు.

గెలల లారీ. డ్రైవరు సీటు కింద
రొయ్యల చెరువు మినరల్ సంచి.
సంచిలో సంచి, దాన్లో ఇంకో సంచి,
ఆఖరి దాన్లో గుప్పెడు తెలుపు.
నిద్రమొహంతో కంసాలి వీరాచార్యులు
బంగారం తూచే త్రాసు తెచ్చాడు.
పదకొండు గ్రాములు, ఓ గురిగింజ ఎక్కువ.

గాజు గొట్టంలో ఒక్క చుక్క వేశారు.
రంగు మారితే ఫలానా అని,
మారకపోతే కాదని, కాగితంలో ఉంది.
అది మారీ మారనట్టు,
పండీ పండని చక్కెరకేళి తొక్కలా నిలబడింది.

నివేదికలో ఒక గడి ఖాళీ.
"పేరు?" అన్నాను.
కుర్రాడు తననే అనుకున్నాడు.
"గెడ్డం ప్రభుకిరణ్ అండి."
నీది కాదు బాబూ, దాని పేరు.
"నాకేం తెల్సండి. చెరువు మందన్నారు. ఆయ్."

లక్క కరిగింది, సీలు పడింది,
తెలుపు ఊరు దాటి ల్యాబుకెళ్ళింది.

చట్టం వెనకాల ఒక పట్టిక ఉందిట.
ఒక్కో పేరూ గూడ్సు బండంత పొడుగు.
వండేవాడు ఎక్కడో కూర్చుని
ఒక్క పెట్టె తప్పించి ఇంకో పెట్టె తగిలిస్తాడు.
బండి అదే, మోసే సరుకదే,
పట్టికలో మాత్రం ఆ నంబరు బండి లేదు.

నాకిది కొత్తేం కాదు.
ఇరవై రెండేళ్ళుగా నేను రాసేదీ పట్టికే.
లంకలో కుడుపూడి సత్తెమ్మకి
ఎకరం పదకొండు సెంట్లు,
తూర్పు: రేలంగి వారి కొబ్బరి, పడమర: పుంత,
ఉత్తరం: బోదె, దక్షిణం: గోదావరి.
ఆ దక్షిణమే మిగతా మూడిట్నీ తినేసింది.
అవతల ఒడ్డున నంబరు లేని మేట లేచింది.
అదే ఒండ్రు, కావాలంటే నాకి చూడు.
సత్తెమ్మ ఏటా పాసుబుక్కు పట్టుకొస్తుంది,
నేను ఏటా నీళ్ళకి చెక్కుబందీ చదువుతాను.

మార్చిలో, కొత్తపేట ఆసుపత్రిలో
పాలిటెక్నిక్ పిల్ల ఒకత్తి
పళ్ళు గిట్టకరుచుకుని మూడు రాత్రులుంది.
నర్సు చీటీలోనూ ఆ గడి ఖాళీయే.
నాలుగో రాత్రి నేను అడగలేదు.

ల్యాబు జవాబు ఏడు నెలలకొచ్చింది:
పోలి ఉంది. అది కాదు.
తరవాత ఢిల్లీలో గెజిట్ అచ్చయింది,
పట్టికలో కొత్త వరస చేరింది.
కానీ చట్టం గోదారి లాంటిది కాదు,
పోటుకి వెనక్కి ఎక్కదు.
పట్టుకున్న రోజుకి అది నేరం పేరు కాదు
అన్నాడు ప్లీడరు, నిజమే అన్నట్టు చూశారు జడ్జి గారు.

కోర్టు బయట టీ బడ్డీ దగ్గర
ప్రభుకిరణ్ నా గ్లాసుకి కూడా డబ్బులిచ్చేశాడు.
వద్దన్నా వినలేదు.
"ఇంతకీ దాని పేరేటని తేలిందండీ?"
గెజిట్ చూసి తెలుగులో రాసుకున్న చీటీ ఇచ్చాను.
కూడబలుక్కుని చదివాడు, రెండో తరగతి పిల్లాళ్ళా.
సగంలో ఆగాడు.
"ఇంత పేరుందాండీ దానికి"
అని, చీటీ నాకే ఇచ్చేశాడు.

నిన్న మళ్ళీ కబురు. ఈసారి కోళ్ళ మేత సంచి.
చుక్క వేశారు, రంగు మారలేదు.
గడి ముందు కూర్చుంటే
చెక్కుబందీ రాయాలనిపించింది.
తూర్పు: కొత్తపేట పిల్ల పలువరస.
పడమర: ఎవరూ చూడని పొయ్యి.
ఉత్తరం: ఇంకా అచ్చవని కాగితం.
దక్షిణం...

ఎస్సై గారు వాచీ చూసుకున్నారు.
"తెల్లని పొడి" అని రాశాను.
కింద సంతకం, తేదీ.